పూజలో వాక్యం ఎలా చదవాలి, విశ్వాసం గురించి మనసు విప్పి ఎలా మాట్లాడాలి

వచ్చే ఆదివారం కతోలిక గుడిలో జరిగే దివ్యపూజలో మొదటి పఠనం, అంటే బైబిలు నుంచి చదివే మొదటి భాగం, మీరే చదవాలని విచారణ గురువు (మీ గుడి ఫాదర్) చెప్పారనుకోండి. చాలామంది పూజ మొదలవడానికి ఐదు నిమిషాల ముందు పుస్తకం తెరిచి, నోరు తిరగని పేర్లేమైనా ఉన్నాయేమో చూసి మూసేస్తారు. చదవడం వచ్చు కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. అంతకంటే బాగా చేయాలన్న కోరిక మీకు ఉంటే ఈ వ్యాసం మీ కోసమే. ఇందులో రెండు పనుల గురించి చెప్తాను. ఒకటి, పూజలో లేఖనాన్ని నలుగురికీ వినిపించడం. రెండోది, ఆ లేఖనం మన బతుకులో ఏం చేసిందో ఇంకొకరికి నిజాయితీగా చెప్పడం. సందర్భాలు వేరైనా రెండింటికీ కావలసిన గుణం ఒకటేనని నా నమ్మకం. ముందు మనం వినాలి, ఆ తర్వాత విన్నదాన్ని పెంచకుండా, తగ్గించకుండా చెప్పాలి.

ముందుగా, అది ఎవరి మాటో గుర్తుపెట్టుకోండి

గుడిలో లేఖనం చదువుతున్నప్పుడు మాట్లాడేది క్రీస్తే అని ప్రపంచంలోని కతోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన దైవార్చన (గుడిలో అందరూ కలిసి చేసే ఆరాధన) పత్రం చెప్తుంది. శ్రీసభ (కతోలిక సంఘం) ప్రభువు శరీరాన్ని గౌరవించినట్టే లేఖనాలను కూడా గౌరవిస్తూ వచ్చిందని అదే మహాసభ 1965 నవంబరు 18న ఇంకో పత్రంలో రాసింది. క్రీస్తు శరీరంగా మనం స్వీకరించే రొట్టె, దివ్యసత్ప్రసాదం, చిన్న కణం కిందపడినా మన ప్రాణం విలవిల్లాడుతుంది. మరి ఒక వాక్యం ఎవరి చెవినా పడకుండా గాలిలో కలిసిపోతే అంత బాధ పడుతున్నామా? మూడో శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఒరిజెన్ విశ్వాసులను ఈ ప్రశ్న అడిగాడు.

ఈజిప్టు దేశపు పునీత (సెయింట్) అంతోని యువకుడిగా ఉన్నప్పుడు గుడిలోకి అడుగుపెట్టేసరికి సువిశేషం, అంటే యేసు జీవితాన్ని చెప్పే గ్రంథం, చదువుతున్నారు. నీకున్నవన్నీ అమ్మి పేదలకిచ్చి నన్ను వెంబడించు అని యేసు ధనిక యువకుడితో చెప్పిన మాట అది. అంతోని దాన్ని తనతోనే అన్నట్టు విన్నాడు, అలాగే చేశాడు. ఆ మాట అతని దాకా చేరడానికి దాన్ని స్పష్టంగా చదివిన ఒక గొంతు కావలసి వచ్చింది. మీరు చేయబోయేది ఆ పనే. కాబట్టి అశ్రద్ధ కూడదు. అలాగని టెన్షన్ కూడా అక్కర్లేదు, ఎందుకంటే గుడిలో కూర్చున్న సభ వినాల్సింది మీ గొప్పతనాన్ని కాదు.

ఎవరు చదవచ్చు అన్న సందేహం కొందరికి ఉంటుంది. పఠన సేవ ఒకప్పుడు గురుత్వానికి వెళ్లేవారికి ఇచ్చే చిన్న పట్టాల్లో ఒకటిగా ఉండేది. 1972లో ఆరవ పౌలు పోపు దాన్ని సామాన్య విశ్వాసులకు కూడా ఇవ్వదగిన సేవగా మార్చారు. అధికారికంగా నియమితులయ్యే ఆ సేవను 2021 జనవరి 10న ఫ్రాన్సిస్ పోపు స్త్రీలకు కూడా తెరిచారు. అలా నియమితులైనవారు లేనప్పుడు తగిన తయారీ ఉన్న విశ్వాసులు ఎవరైనా చదవచ్చు. సువిశేషం మాత్రం డీకన్ (గురువుకు సాయపడే అభిషిక్త సేవకుడు) గానీ గురువు గానీ చదువుతారు.

వారం ముందే పఠనం చేతిలోకి తీసుకోండి

ఆదివారం ఏ పఠనం వస్తుందో ముందే తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఆదివారపు పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి. 'ఎ' సంవత్సరంలో ప్రధానంగా మత్తయి, 'బి'లో మార్కు, 'సి'లో లూకా. సంవత్సరం సంఖ్యను 3తో భాగిస్తే శేషం రాకపోతే అది 'సి'. 2025 'సి', 2026 'ఎ', 2027 'బి'. అయితే దైవార్చన సంవత్సరం జనవరిలో కాక క్రిస్మసుకు సిద్ధపడే ఆగమన కాలంతో మొదలవుతుంది కాబట్టి, నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో కొత్త చక్రంలోకి వెళ్లిపోతాం.

పఠనం దొరికాక దాన్ని చదివే ముందు ఆ రోజు సువిశేషం చదవండి. సామాన్య కాలపు (క్రిస్మసు, ఈస్టరు లాంటి ప్రత్యేక కాలాలు కాని వారాల) ఆదివారాల్లో మొదటి పఠనాన్ని సువిశేషానికి జోడుగా ఎంచుతారు. ఆ జోడు ఎక్కడుందో దొరికితే మీ పఠనంలో ఏ వాక్యం ముఖ్యమో తెలిసిపోతుంది. 'ఎ' సంవత్సరంలో సామాన్య కాలపు మూడో ఆదివారమే చూడండి. చీకటిలో నడిచే జనం గొప్ప వెలుగు చూశారని యెషయా అంటాడు. అదే రోజు సువిశేషంలో యేసు గలిలయకు రాగానే మత్తయి సరిగ్గా ఆ యెషయా మాటలనే ఎత్తుకుంటాడు. మొదటి పఠనం చదివేవారు ఆ 'వెలుగు' అన్న మాటను నలుగురి చెవుల్లో నిలిచేలా చదివితే, పది నిమిషాల తర్వాత సువిశేషంలో అది మళ్లీ వినపడగానే సభకు లింకు దొరుకుతుంది. హడావిడిగా చదివేస్తే ఆ లింకు తెగిపోతుంది. అన్నట్టు, ప్రతి సంవత్సరం సామాన్య కాలపు మూడో ఆదివారమే దైవవాక్య ఆదివారం కూడా. 2019 సెప్టెంబరు 30న ఫ్రాన్సిస్ పోపు దీన్ని ఏర్పాటు చేశారు. పవిత్ర గ్రంథాన్ని లాటిన్‌లోకి తెచ్చిన పునీత జెరోము పండుగ ఆ సెప్టెంబరు 30నే.

సామాన్య కాలంలో రెండో పఠనం తీరు వేరు. ఒక లేఖను ఆదివారం తర్వాత ఆదివారం వరుసగా చదువుకుంటూ పోతారు, కాబట్టి సువిశేషంతో దానికి సంబంధం వెతుక్కుని తల బద్దలు కొట్టుకోకండి. దాని బదులు ఇంట్లో బైబిలు తెరిచి, మీ భాగానికి ముందు వచనాలు, వెనక వచనాలు చదవండి. పూజలో చదివే భాగాలను కూర్చిన పుస్తకం, పఠనగ్రంథం, అందులో ఉన్నది కత్తిరించిన ముక్క. లేఖ రాసిన పౌలు ఎవరి మీద బాధపడుతున్నాడో, ఎందుకు సంతోషిస్తున్నాడో ఆ ముక్కలో ఉండకపోవచ్చు.

ఇప్పుడు మిమ్మల్ని మీరు కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో? వాళ్లు ఏ పరిస్థితిలో ఉన్నారు? ఇది కథా, ప్రవచనమా, చట్టమా, ఉత్తరమా, ప్రార్థనా? మొత్తం భాగంలో ఒక్క వాక్యమే సభకు గుర్తుండే వీలుంటే అది ఏది కావాలి? చివరి ప్రశ్నకు జవాబు దొరికేదాకా తయారీ అయినట్టు కాదు.

ఆ తర్వాత అదే భాగాన్ని పట్టుకుని ప్రార్థించండి. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో మౌనంగా నిలవడం అన్న నాలుగు మెట్లను 16వ బెనెడిక్ట్ పోపు 2010లో దైవవాక్కుపై రాసిన పత్రంలో వివరించి, చివరికి అది జీవితంలో ఆచరణగా మారాలన్నారు. రోజుకు పది నిమిషాలు చాలు. ఈ అడుగు దాటేసినా చక్కగా చదవొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కానీ సభకు వినిపించే ముందు ఆ మాట మీతో ఏమంటుందో వినకుండా వెళ్లడం నా మనసుకు ఒప్పదు.

పఠనాన్ని జిరాక్స్ తీసి, పెన్సిలుతో గుర్తులు పెట్టండి

గుడి పుస్తకం మీద రాయకండి, మీ కాపీ మీదే రాసుకోండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ ఒక గీత, ఎక్కడ ఎక్కువసేపు ఆగాలో అక్కడ రెండు గీతలు. పౌలు వాక్యాలు పొడవుగా ఉంటాయి కాబట్టి అందులో అసలు వాక్యం ఏది, దాన్ని అంటిపెట్టుకున్న ముక్కలు ఏవో విడదీసుకోండి.

తెలుగులో చదివేవారు ప్రత్యేకంగా చూసుకోవలసింది వాక్యం చివర. మనకు క్రియ చివరన వస్తుంది. అవునా కాదా అన్నది కూడా ఆ క్రియ తోకలోనే ఉంటుంది. 'భయపడుము', 'భయపడకుము' అన్న రెండింటికీ తేడా ఒక్క అక్షరం. చాలామంది వాక్యం మొదట్లో గట్టిగా ఎత్తుకుని, చివరికి ఊపిరి అయిపోయి గొంతు తగ్గించేస్తారు. అప్పుడు దేవుడు చేయమన్నాడో వద్దన్నాడో వెనక బెంచీలో కూర్చున్న పెద్దావిడకు వినపడదు. అందుకే ప్రతి వాక్యం చివరి మాటకు సరిపడా ఊపిరి మిగిలేలా గుర్తులు పెట్టుకోండి. ఈ ఒక్కటి సరిచేసుకుంటే మీ పఠనం సగం మారిపోతుంది.

పేర్ల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పవిత్రాత్మ దిగివచ్చిన పండుగ, పెంతెకోస్తు నాడు అపోస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు, కప్పదోకియ, పంఫీలియ అంటూ పెద్ద వరుస వస్తుంది. వాటిని పదిసార్లు పైకి పలికి నాలుకకు అలవాటు చేయండి. అనుమానముంటే ఫాదర్ గారినో, సత్యోపదేశం నేర్పే ఉపదేశినో అడగండి. అక్కడ ముఖ్యమైనది పేర్ల జాబితా కాదు, ఇన్ని దేశాలవాళ్లు ఎవరి భాషలో వాళ్లు దేవుని గొప్ప కార్యాలు విన్నారన్న చివరి మాట. పేర్ల దగ్గర నిలకడగా ఉంటేనే ఆ మాటకు చేరేసరికి మీకు శ్వాస మిగులుతుంది.

ఈస్టరు ముందు రాత్రి జరిగే పాస్కా జాగరణలో చదివే అబ్రాహాము కథ, ఆదికాండం 22వ అధ్యాయం, దగ్గరగా చూద్దాం. కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని దేవుడు అతన్ని అడిగిన కథ అది. ఆ రాత్రి ఏడు పాత నిబంధన పఠనాలుంటాయి, ఇది రెండోది. పూర్తి పఠనం చదివినప్పుడు అందులో అబ్రాహాము మూడుసార్లు 'ఇదిగో ఉన్నాను' అంటాడు. (మాటలు మీ పుస్తకంలో కాస్త వేరుగా ఉండొచ్చు.) మొదటిసారి దేవుడు పిలిచినప్పుడు. ఇంకా ఏం అడగబోతున్నాడో అతనికి తెలియదు, కాబట్టి ఆ జవాబు మామూలుగా, సిద్ధంగా ఉంటుంది. రెండోసారి కొండెక్కుతూ ఇస్సాకు 'నాన్నా' అని పిలిచినప్పుడు. నిప్పు ఉంది, కట్టెలున్నాయి, మరి గొఱ్ఱెపిల్ల ఏది అని ఆ పిల్లవాడు అడగబోతున్నాడు. ఇక్కడ ఏడుపు గొంతు పెట్టనక్కర్లేదు. వేగం తగ్గించి, ఆ ప్రశ్న తర్వాత ఒక్క క్షణం ఆగితే చాలు, సభ తనంతట తానే అబ్రాహాము గుండెలోకి వెళ్తుంది. మూడోసారి కత్తి ఎత్తాక దేవదూత 'అబ్రాహామూ, అబ్రాహామూ' అని రెండుసార్లు పిలుస్తాడు. ఆ రెండు పిలుపుల్లో తొందర ఉంది, రెండోది మొదటిదాని కంటే కాస్త గట్టిగా రావాలి. మూడు జవాబుల్లోనూ ఉన్నది ఒకే మాట, కానీ మూడు చోట్లా దాని బరువు వేరు. ఈ తేడా మీకు తెలిసి చదివితే గొంతులోకి దానంతట అదే వస్తుంది. తెలియకుండా చదివితే మూడూ ఒకేలా వినిపిస్తాయి.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో 'బి' సంవత్సరం రెండో ఆదివారం ఇదే కథ కుదించి వస్తుంది, ఇస్సాకు ప్రశ్న అందులో ఉండదు. అప్పుడు కూడా ఇంట్లో మొత్తం కథ చదివే వెళ్లండి.

ప్రశ్నలను ప్రశ్నల్లాగే చదవాలన్నది ఇంకో సంగతి. కొరింతులో నేను పౌలువాడిని, నేను అపొల్లోవాడిని అని విశ్వాసులు వర్గాలుగా విడిపోతే, 'క్రీస్తు ముక్కలైపోయాడా?' అని పౌలు అడుగుతాడు. దాన్ని వార్త చదివినట్టు చదివితే అందులోని నొప్పి పోతుంది. అడిగినట్టు చదివి ఒక్క క్షణం ఆగండి, ఎవరికి వారు జవాబు చెప్పుకుంటారు.

పైకి చదివి ప్రాక్టీస్ చేయండి

కళ్లతో చదవడం తయారీ కాదు. రోజూ నిలబడి, గొంతు తెరిచి చదవండి. ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి మన గొంతు మనకే వింతగా ఉంటుంది, అది పట్టించుకోకండి. చివరి మాటలు వినపడుతున్నాయా, ఎక్కడ పరుగెత్తుతున్నాను అన్న రెండే చూడండి. దాదాపు అందరూ తాము అనుకున్నదాని కంటే వేగంగానే చదువుతారు. ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి, పుస్తకం చూడకుండా వినమని, ఏం అర్థమైందో అడగడం అన్నింటికంటే మంచి పరీక్ష.

నటించకండి. దేవుడి మాటలకు ఒక గొంతు, మోషే మాటలకు ఇంకో గొంతు పెడితే జనం మీ వైపు చూస్తారు, మాట వెనకబడిపోతుంది. మరోవైపు, 'భక్తిగా' ఉండాలని ఒకే రాగంలో సాగదీసి చదవడం కూడా మంచిది కాదు. అలా చదివితే అర్థం నిద్రపోతుంది. మీకు ప్రియమైనవాళ్లు రాసిన ముఖ్యమైన ఉత్తరాన్ని ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తే ఎలా చదువుతారో అలా చదవండి.

పూజ రోజు

ముందుగా వెళ్లండి. పఠనగ్రంథం వాక్యపీఠం (లేఖనాలు చదివే పీఠం) మీదే ఉందా, సరైన పేజీ దగ్గర రిబ్బను ఉందా చూసుకోండి. అందులోంచే చదవండి. కరపత్రాలు, విడి కాగితాలు ఆ పుస్తకం స్థానంలోకి రాకూడదని పఠనగ్రంథం ముందుమాటలో శ్రీసభ స్పష్టంగా చెప్పింది. నా మట్టుకు ఫోన్ చూసి చదవడం కూడా ఆ కోవలోకే వస్తుంది. మైకు ఆన్‌లో ఉందో లేదో, ఎత్తు సరిపోతుందో అప్పుడే చూడండి. మైకు మరీ నోటికి ఆనితే 'ప', 'ఫ' అక్షరాలు పేలతాయి, మరీ దూరమైతే చివరి మాటలు పోతాయి. జానెడు దూరం మంచిది. బట్టలు శుభ్రంగా, సాదాగా ఉంటే చాలు.

గురువు ప్రారంభ ప్రార్థన ముగించి, అందరూ కూర్చున్నాకే కదలండి. బలిపీఠానికి తలవంచి, నెమ్మదిగా వాక్యపీఠం దగ్గరికి వెళ్లండి. నిలబడ్డాక వెంటనే మొదలుపెట్టకండి. రెండు కాళ్ల మీద సమంగా నిలబడి, ఒకసారి సభను చూసి, ఊపిరి పీల్చుకోండి. బెంచీల చప్పుడు ఆగనివ్వండి.

పుస్తకంలో పైన ఎర్ర అక్షరాల్లో ఉండే 'మొదటి పఠనం' అన్న శీర్షిక, దాని కింద సారాంశంగా ఉండే చిన్న వాక్యం పైకి చదవకూడదు. ఏ గ్రంథం నుంచి పఠనమో చెప్పే ప్రకటనతో మొదలుపెట్టి, అక్కడ రెండు మూడు సెకన్లు ఆగండి. పఠనం అయ్యాక మళ్లీ ఆగండి, ఆ తర్వాతే ముగింపు ప్రకటన. పఠనం చివరి మాటకూ ఆ ప్రకటనకూ మధ్య ఖాళీ లేకపోతే రెండూ కలిసిపోయి, ఆ ప్రకటన కూడా యెషయాయే అన్నట్టు వినిపిస్తుంది. పుస్తకంలో ఉన్న మాటలే చెప్పండి. ముందు ఒక పలకరింపు, చివర ఒక ఆశీర్వాదం, మధ్యలో చిన్న వివరణ చేర్చాలనిపిస్తే ఆపుకోండి.

తల ఎప్పుడు ఎత్తాలి అని చాలామంది అడుగుతారు. మొదటి ప్రకటనకు, చివరి ప్రకటనకు ఎత్తండి. మధ్యలో ఆ ముఖ్యమైన ఒక్క వాక్యానికి ఎత్తగలిగితే మంచిదే. ప్రతి పంక్తికీ తల ఎత్తి దించితే వినేవాళ్లకు కళ్లు తిరుగుతాయి, మీకు చోటు తప్పుతుంది.

పఠనం తర్వాత కాసేపు మౌనం ఉండాలని పూజ నియమాలే చెప్తున్నాయి. సభ సమాధానం చెప్పగానే పుస్తకం దబాలున మూసి పరుగు తీయకండి. మొదటి పఠనం తర్వాత వచ్చే కీర్తనను పాడటమే అన్నింటికంటే మంచిది. పాడేవాళ్లు లేక మీరే చదవాల్సి వస్తే, అది ప్రార్థన అని గుర్తుంచుకుని, పల్లవి దగ్గర సభకు చోటివ్వండి.

తడబడితే

ఒక పేరు తప్పు పలికితే సాగిపోండి. అర్థమే మారిపోయేలా తప్పు వచ్చిందనుకోండి, ఆ వాక్యాన్ని మొదటి నుంచి నెమ్మదిగా మళ్లీ చదవండి, చాలు. 'సారీ' అనకండి, నవ్వకండి, తల ఊపకండి. పసిబిడ్డ ఏడిస్తే పోటీపడి గొంతు పెంచకండి, ఒక్క క్షణం ఆగి కొనసాగించండి. చేతులు వణికితే పుస్తకం అంచులు పట్టుకోండి. వాక్యపీఠం దగ్గరికి వెళ్లే ముందు 'ప్రభూ, ఈ గొంతు నీది' అని ఒక్క మాట అనుకోవడం చాలామందికి ధైర్యమిస్తుంది. ఇంకొక మాట: పూజయ్యాక బాగా చదివారని ఎవరైనా అంటే కృతజ్ఞత చెప్పి, 'మీకు ఏ మాట తగిలింది?' అని అడగండి. సంభాషణ అక్కడినుంచే మొదలవుతుంది.

చదివిన వాక్యం గురించి మీ మాట చెప్పాల్సి వస్తే

దీనికి చోటు ఎక్కడో ముందు చూద్దాం. పూజలో ప్రసంగం గురువుకో డీకన్‌కో కేటాయించిన పని. సామాన్య విశ్వాసి సాక్ష్యం చెప్పాల్సి వస్తే పూజ బయట చెప్పడమే ఎంతో మంచిదని, తగినంత గట్టి కారణముంటే సత్ప్రసాద స్వీకరణ తర్వాతి ప్రార్థన ముగిశాక చెప్పవచ్చని 2004లో వాటికన్ ఇచ్చిన సూచనలో ఉంది. కాబట్టి మీ చోటు ప్రార్థన కూటం, బైబిలు పంచుకునే చిన్న గుంపు, సత్యోపదేశ తరగతి, ఇల్లు, లేదా స్నేహితుడితో మాట్లాడే బల్ల.

ఈ కాలపు మనిషి బోధకుల కంటే సాక్షుల మాట ఎక్కువ ఇష్టంగా వింటాడని, బోధకుల మాట విన్నా వాళ్లు సాక్షులు కాబట్టే వింటాడని ఆరవ పౌలు పోపు 1975లో రాశారు. సాక్షి పని తాను చూసింది చెప్పడమే. యోహాను సువిశేషం 9వ అధ్యాయంలో చూపు వచ్చిన ఆ గుడ్డివాణ్ని గమనించండి. నిన్ను బాగుచేసినవాడు ఎక్కడ అంటే 'నాకు తెలియదు' అంటాడు. అతను పాపి అని పెద్దలు గద్దిస్తే, 'అతడు పాపి అవునో కాదో నాకు తెలియదు, ఒకటి మాత్రం తెలుసు, నేను గుడ్డివాణ్ని, ఇప్పుడు చూస్తున్నాను' అంటాడు. రెండుసార్లు తెలియదన్నాడు, ఒక్కసారి తెలుసన్నాడు. ఆ తెలుసన్న ఒక్క మాటను ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. మనం తెలియనివాటిని కూడా తెలిసినట్టు చెప్పబోయి, తెలిసిన ఒక్కదాన్ని పలచన చేసుకుంటాం.

మాట్లాడే ముందు ఇలా సిద్ధం కండి. మీకు తగిలిన ఒకే ఒక్క వాక్యం ఎంచుకోండి. దానికి సంబంధించి మీ జీవితంలోని ఒకే ఒక్క సంగతి గుర్తుచేసుకోండి. 'మనం', 'మీరంతా' అనకుండా 'నేను' అని చెప్పండి. మూడు నిమిషాల్లో ఆపండి. ఉదాహరణకు యెషయా 43వ అధ్యాయంలో నీళ్లలో నడిచేటప్పుడు నేను నీతో ఉంటానన్న మాట మీకు తగిలిందనుకోండి. ఇలా చెప్పొచ్చు:

'అమ్మ ఆసుపత్రిలో ఉన్న రాత్రుల్లో నాకు ప్రార్థన రాలేదు. జపమాల చేతిలో పట్టుకుని ఊరికే కూర్చునేవాణ్ని. ఈ వాక్యం ఒక్కటే గుర్తొచ్చేది. భయం పోలేదు. కానీ ఒంటరిగా ఉన్నానని మాత్రం అనిపించలేదు.'

ఇంతే. దీని పక్కన 'దేవుణ్ని నమ్మినవాడికి ఏ కష్టమూ రాదు' అన్న మాటను పెట్టి చూడండి. రెండోది గట్టిగా వినిపిస్తుంది, కానీ అది యెషయా చెప్పినది కాదు. నీళ్లే ఉండవని దేవుడు మాటివ్వలేదు, నీళ్లలో తోడుంటానన్నాడు. నిజానికి కొంచెం రంగు వేసినా వినేవాళ్లలో కష్టంలో ఉన్న ఒకరు 'మరి నా విశ్వాసం తక్కువా?' అని లోపల కుంగిపోతారు. 'దేవుడు నాతో చెప్పాడు' అన్న మాటను కూడా పొదుపుగా వాడండి. 'అలా నాకు అనిపించింది' అంటే మీ సాక్ష్యం విలువేమీ తగ్గదు.

ఇంకొకరి కష్టాన్ని మీ సాక్ష్యంలోకి లాగకండి, పేరు చెప్పకపోయినా చిన్న గుంపులో అందరికీ తెలిసిపోతుంది. అలాగే దుఃఖంలో ఉన్నవారి దగ్గర వివరణలు ఇవ్వకండి. బైబిలులో పిల్లలనూ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదే. నోరు తెరిచి అతని బాధకు కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే అంతా చెడింది. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కూడా ముందు కన్నీరు పెట్టాడు.

వేరే విశ్వాసం ఉన్న స్నేహితుడో, గుడికి రావడం మానేసిన బంధువో అడిగితే? మీలోని నిరీక్షణకు కారణం అడిగేవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అయితే మృదువుగా, గౌరవంతో చెప్పండి అంటాడు పేతురు తన మొదటి లేఖ మూడో అధ్యాయంలో. 'అడిగేవారికి' అన్నాడు గమనించండి. ఫ్రాన్సిస్ పోపు 2013లో రాసిన సువిశేష ఆనందం గురించిన పత్రంలోనూ మొదటి మెట్టు ఎదుటి మనిషి తన సంతోషాలు, ఆశలు, బెంగలు చెప్పుకోవడమే, వాక్యం చెప్పడం ఆ తర్వాతే. కాబట్టి ముందు వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో జవాబు తయారుచేసుకోకండి. వాదనలో గెలవాలన్న పట్టుదల వస్తే అక్కడే ఆపేయండి. యాకోబు బావి దగ్గరి సమరియ స్త్రీ యేసుతో మాట్లాడాక ఊళ్లోకి వెళ్లి, నేను చేసినవన్నీ చెప్పిన మనిషిని వచ్చి చూడండి, ఈయనే మెస్సీయా అయి ఉంటాడా అని అడిగింది. ప్రశ్నగానే వదిలేసింది. ఊరివాళ్లు తామే వచ్చి, తామే విని నమ్మారు.

కొన్నిసార్లు మీకు జవాబు తెలియని ప్రశ్న వస్తుంది. శ్రీసభ ఇలా ఎందుకు చెప్తుంది, ఈ వచనానికీ ఆ వచనానికీ పొంతన ఏది అని అడుగుతారు. అప్పుడు ఏదో ఒకటి అల్లి చెప్పకండి. 'నాకు తెలియదు, ఫాదర్ గారిని అడిగి చెప్తాను' అనండి. ఆ ప్రశ్నను వాళ్ల మాటల్లోనే ఒక కాగితం మీద రాసుకోండి, ఆ వారంలోనే ఫాదర్ గారినో ఉపదేశినో అడగండి, జవాబుతో మళ్లీ వాళ్లకు ఫోన్ చేయండి.